ఊదా మూత, నీలం మూత

మా కలెక్షన్ సెంటర్ అమీర్‌పేటలో, కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలాడే ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంటుంది. నేను ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి పుస్తకం తెరిచి నాలుగు పేజీలు తిప్పేలోపే దిగాల్సి వస్తుంది. నేను వెళ్ళేసరికే మెట్ల మీద కొందరు కూర్చుని ఉంటారు. అందరూ పరగడుపున వచ్చినవాళ్ళే కాబట్టి అందరి ముఖాల్లోనూ కొంచెం కోపం ఉంటుంది.

నా పని రక్తం తీయడం. పరీక్షలు చేసే యంత్రాలు ఇక్కడ లేవు, పంజాగుట్టలోని మెయిన్ ల్యాబ్‌లో ఉన్నాయి. మేం ఇక్కడ రక్తం తీసి, ట్యూబుల మీద చీటీలు అంటించి సంచీలో సర్దుతాం. సంచీ నిండాక బండి మీద ఒకతను వచ్చి పట్టుకెళ్తాడు.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గొంతు పెగలదు. ఈ ఉద్యోగంలో ఆ ఇబ్బంది తక్కువ. “పిడికిలి బిగించండి”, “ఇక వదలండి”, “దూది అదిమి పట్టుకోండి” అంటే చాలు, రోజు గడిచిపోతుంది. మిగతాదంతా చేతులతోనూ కళ్ళతోనూ చేసే పని. డాక్టర్ రాసిన చీటీ చదవాలి, ఏ పరీక్షకు ఏ రంగు మూత ట్యూబు కావాలో ఏరి ట్రేలో వరసగా పెట్టుకోవాలి.

నాకు పని నేర్పింది మా సీనియర్. మేమంతా ఆయన్ని అన్నా అనే పిలుస్తాం. చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. మొదటి రోజు నా ముందు ట్యూబులన్నీ పరిచి, “గివి రంగులు కావు చెల్లె, లోపలున్న మందులు. మూత చూసి మందు యాదికి రావాలె” అన్నాడు.

నేను కోర్సులో అవన్నీ చదివినదాన్నే. కానీ ఆయన చెప్పాక వేరుగా అర్థమయ్యాయి. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చాక ఊరికే ఉండదు. గడ్డకడుతుంది. తనలోని చక్కెరను తానే తినేస్తుంది. యంత్రం దాకా చేరేసరికి అది మనిషిలో ఉన్నప్పటి రక్తంలా ఉండదు. అందుకని ఒక్కో ట్యూబులో ఒక్కో మందు పెట్టి, మనకు కావలసిన ఒక్క సంగతి మారకుండా కాసేపు ఆపి ఉంచుతారు. షుగర్ పరీక్షకు బూడిద రంగు మూత. లివర్, కిడ్నీ పరీక్షలకు పసుపు మూత, అందులో రక్తం గడ్డకట్టి పైన తేట నీరు తేలాలి. రక్తకణాలు లెక్కపెట్టడానికి ఊదా మూత, అందులో మాత్రం అస్సలు గడ్డకట్టకూడదు. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షకు లేత నీలం మూత, దాని మీద ఒక గీత ఉంటుంది, రక్తం సరిగ్గా ఆ గీత దాకా రావాలి. ఒకే సూదితో అన్నీ తీసేటప్పుడు వాటికి ఒక వరస ఉంది, నీలం ముందు, ఊదా తర్వాత. ముందు దానిలోని మందు చుక్కైనా తర్వాత దానిలోకి పోతే లెక్కలు తారుమారు అవుతాయి.

“ఇంకొకటి,” అన్నాడు అన్న. “పసుపుల రక్తం తక్కువ పడ్డదని ఊదాల నుంచి జర పోసినవనుకో, ఆ మందుతోని పొటాషియం లెక్క ఆకాశానికి పోతది. పేషంట్‌ని ఆగమాగం ఐసీయూల పడేస్తరు. తక్కువ పడితే మళ్ళ గుచ్చు, తిట్లు తిను, గని పొయ్యకు.”

మా మెట్ల కింద ఒక టిఫిన్ బండి ఉంది. నడిపే ఆంటీది తెనాలి దగ్గర ఊరు, వచ్చి చాలాకాలమైంది. ఆవిడ బేరంలో సగం మా పేషంట్లే. పరగడుపు రక్తం ఇచ్చి గబగబా దిగి ఆవిడ దగ్గర ఇడ్లీ తిని, రెండు గంటలు ఎక్కడో కాలక్షేపం చేసి, రెండోసారి షుగర్‌కి పైకి వస్తారు. “నా ఇడ్లీ తిని షుగర్ ఎక్కువొచ్చిందంటే ఒప్పుకోను. చట్నీ నాలుగుసార్లు వేయించుకుంది ఎవరో వాళ్ళనే అడగండి” అనేది. అన్నతో హాస్యాలాడేది. “ఏంటి తమ్ముడూ, పొద్దున్నే ఎంతమందిని పొడిచావు?” అంటే, “నువ్వు కారంపొడితోని చంపినంత మందిని కాదక్కా” అనేవాడు. నన్ను మాత్రం ఏడిపించేది కాదు. నేను వెళ్ళి నిలబడితే చాలు, అడగకుండానే రెండు ఇడ్లీ పెట్టి, అల్లం చట్నీ పక్కన వేసి ఇచ్చేది. నేను మాట్లాడకపోవడాన్ని పొగరు అనుకోనివాళ్ళు కొద్దిమందే ఉంటారు. ఆవిడ వాళ్ళలో ఒకరు.

ఆ వానాకాలం ఆవిడకు కడుపునొప్పి మొదలైంది. కుడివైపు పక్కటెముకల కింద పొడిచినట్టు వచ్చి, వీపులోకి పాకేది. నొప్పి వచ్చినప్పుడు గరిటె వదిలేసి, బండి కొసను పట్టుకుని వంగి నిలబడేది. స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. పంజాగుట్టలో ఒక సర్జన్‌ దగ్గర చూపించుకుంది. ఆలస్యం చేస్తే రాయి జారి పిత్తనాళానికి అడ్డం పడుతుంది, ఆపరేషన్ చేయించుకోండి అన్నారాయన. ఆవిడ సరేనంది. బండి చూసుకోవడానికి తెనాలి నుంచి చెల్లెల్ని పిలిపించుకుంది. ఆపరేషన్‌కి ముందు చేయించాల్సిన పరీక్షల చీటీ పట్టుకుని మెట్లెక్కి మా దగ్గరికే వచ్చింది.

“నువ్వే తియ్యి అమ్మాయ్. ఆ తమ్ముడికి నా మీద పాత కక్షలున్నాయి,” అంది చెయ్యి చాపుతూ.

ఆవిడ చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు ఉన్నాయి కానీ నరం బాగానే దొరికింది. నీలం, పసుపు, ఊదా, బూడిద వరసగా తీశాను. ఊదా ట్యూబును మెల్లగా పైకీ కిందికీ తిప్పి కలిపాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అన్నీ బాగున్నాయి, ప్లేట్‌లెట్లు తప్ప. లక్షన్నరకు తగ్గకూడనివి అరవై వేలు ఉన్నాయి. ఇంత తక్కువుంటే కోస్తే రక్తం ఆగదు, పెరిగాక చూద్దాం అన్నారట సర్జన్.

డెంగీ రోజులవి. అమీర్‌పేట మొత్తానికి ప్లేట్‌లెట్ల లెక్క తప్ప ఇంకో మాట లేదు. హాస్టళ్ళలో పిల్లలు మార్కులు అడిగినట్టు ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు, “నీకెన్ని?” అని. ఆంటీకి జ్వరం లేదు, డెంగీ పరీక్ష చేస్తే అదీ లేదని వచ్చింది. అయినా ఆవిడ బొప్పాయి ఆకులు తెప్పించి దంచి రసం తాగడం మొదలుపెట్టింది. ఆ చేదుకు ముఖం ముడుచుకుని, “ఇది తాగినవాళ్ళకి పెరగక ఏం చేస్తాయి, పెరగకపోతే మళ్ళీ తాగిస్తారని భయం ఉంటుంది కదా” అంది.

వారం తర్వాత మళ్ళీ తీశాను. యాభై వేల చిల్లర.

మెయిన్ ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, శాంపిల్ సరిగ్గా కలిపారా, ట్యూబులో చిన్న గడ్డలేమైనా ఏర్పడ్డాయేమో చూసుకోండి అని. గడ్డకడితే ప్లేట్‌లెట్లన్నీ దానికే అతుక్కుపోయి లెక్కలోకి రావు. ఫోన్ అన్న తీశాడు, నేను పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండానే, “మంచిగనే కలుపుతది ఆ పిల్ల” అన్నాడు. అది నన్ను వెనకేసుకు రావడమే, కానీ నాకే నా మీద నమ్మకం కలగలేదు. ఆ రోజంతా ప్రతి ఊదా ట్యూబునూ అవసరానికి మించి తిప్పాను. ఇంటికెళ్ళి డైరీ తెరిచి, నేను నిజంగా ఎట్లా కలిపానో గుర్తు చేసుకుని రాద్దామనుకున్నాను. చేతులకు అలవాటైపోయిన పని గుర్తుండదని అప్పుడు తెలిసింది. పేజీ ఖాళీగానే మూశాను.

మూడోసారి అన్నే తీశాడు. నేను పక్కన నిలబడి చూశాను. ఆంటీ ఆ రోజు ఆయన్ని ఏమీ అనలేదు, కిటికీలోంచి మెట్రో స్తంభాల వైపు చూస్తూ కూర్చుంది. లెక్క మళ్ళీ యాభై దగ్గరే వచ్చింది.

“నీ చెయ్యి కాదు, నా చెయ్యి కాదు,” అన్నాడు అన్న రిపోర్టు చూసి. “ఆమె రక్తమే గట్లుంది.”

నా మీంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే తప్పు నాది కాదంటే జబ్బు ఆవిడదని అర్థం.

మధ్యలో ఒకసారి మాత్రం ఒక వింత జరిగింది. నొప్పి ఎక్కువై ఆంటీ సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు, మళ్ళీ ఒకసారి చూద్దాం, ఇక్కడే దగ్గర్లో ఇచ్చిరండి అని ఆయన మా మెయిన్ ల్యాబ్‌కే పంపారు. అక్కడే తీసి, అక్కడే యంత్రంలో పెట్టారు. లక్షా పదివేలు వచ్చింది. ఆంటీ ఆటో దిగుతూనే మెట్ల కింద నుంచి కేకేసి మరీ చెప్పింది. బొప్పాయి రసానికి పేరొచ్చింది, బండి దగ్గర తినేవాళ్ళంతా రసం ఎలా చెయ్యాలో కాగితం మీద రాసుకున్నారు. సర్జన్ లక్షన్నర దాటనివ్వండి, ఇంకో రెండ్రోజులాగి చూపించండి అన్నారు. రెండ్రోజులాగి మా దగ్గర ఇస్తే నలభై ఎనిమిది వేలు.

అప్పుడిక ఆయన ఆపరేషన్ మాట పక్కన పెట్టి, రక్తజబ్బుల డాక్టర్‌కి చూపించమని చీటీ రాసిచ్చారు. ప్లేట్‌లెట్లు తయారయ్యే చోటే ఏదో లోపం ఉందేమో, నడుము దగ్గర ఎముకలో సూది వేసి మూలుగ తీసి చూస్తారేమో అని కూడా చెప్పారట. ఆ మాట విన్నాక ఆంటీ బండి దగ్గర నవ్వడం మానేసింది.

“ఇక చాలు అమ్మాయ్,” అంది నాతో, ఎవరూ లేనప్పుడు. “ఎముకలో సూదులు వేయించుకోను. ఆపరేషనూ వద్దు, ఏదీ వద్దు. మా చెల్లెలితో ఊరెళ్ళిపోతా. అక్కడ పసరు మందు ఇచ్చేవాళ్ళున్నారు, రాళ్ళు కరుగుతాయంటున్నారు. కరిగితే కరుగుతాయి, లేకపోతే లేదు.”

ఆదివారం రైలుకు వెళ్తామంది. రాయి జారి అడ్డం పడితే ఏమవుతుందో సర్జన్ ఆవిడకు చెప్పారు. నేను పుస్తకంలో చదివాను. కళ్ళు పచ్చబడతాయి, చలిజ్వరం వస్తుంది, తర్వాత టైము ఉండదు. ఆవిడ ఇడ్లీ పాత్ర మూత తీసి ఆవిరిలోకి చూస్తూ నిలబడింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. తల ఊపి పైకి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ట్యూబులు సంచీలో సర్దుతుంటే నాకు ఆ లక్షా పదివేలు గుర్తొచ్చింది. మనిషి ఒకరే. మిగిలిన అన్నిసార్లకీ, ఆ ఒక్కసారికీ ఏం తేడా అని ఆలోచించాను. చెయ్యి కాదు, అన్న తీసినా అంతే వచ్చింది కదా. బొప్పాయి రసం కాదు, రోజూ తాగుతూనే ఉంది. తేడా అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి ఉన్న దారి ఒక్కటే. సంచీ నిండేదాకా ఇక్కడ ఆగడం, సిగ్నళ్ళ దగ్గర ఆగడం, అక్కడ వరసలో ఆగడం. ఆ ఒక్కరోజు రక్తం ఎక్కడా ఆగలేదు. ఆగినకొద్దీ లెక్క తగ్గుతోందంటే, అది ఒంట్లో తగ్గడం లేదేమో. ట్యూబులో తగ్గుతోందేమో.

ఈ ఊహ వచ్చాక నాకు కోర్సు పుస్తకంలో ఎక్కడో చూసిన నాలుగు వాక్యాలు లీలగా మెదిలాయి. మర్నాడు పుస్తకం తెచ్చుకుని మెట్రోలో వెతికాను. దొరికే సరికి అమీర్‌పేట దాటి రైలు ముందుకు వెళ్ళిపోయింది, పంజాగుట్టలో దిగి వెనక్కి రావాల్సి వచ్చింది. చాలా అరుదుగా కొందరి రక్తంలో, ఊదా ట్యూబులోని మందు తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. రక్తం గడ్డకట్టదు, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ యంత్రం గుంపును ప్లేట్‌లెట్‌గా గుర్తుపట్టదు, లెక్కలోంచి వదిలేస్తుంది. ఆ మనుషులకు ఏ జబ్బూ ఉండదు. అటువంటివాళ్ళకు నీలం మూత ట్యూబులో తీసి లెక్కపెట్టాలని రాసి ఉంది.

నిజమైతే ఆంటీకి ఏమీ కాలేదు. కాకపోతే, ఎముకలో సూది వేసి చూడాల్సిన మనిషికి లేని ధైర్యం చెప్పినట్టవుతుంది.

అన్నకు పుస్తకం చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి మెల్లగా చదివాడు.

“విన్న గని ఎన్నడు చూడలె,” అన్నాడు. “పంజాగుట్టల మేడమ్‌కు చెప్పు.”

మేడమ్ అంటే మెయిన్ ల్యాబ్ పెథాలజిస్ట్. రిపోర్టుల కింద సంతకం ఆవిడదే. ఆవిడతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఏదైనా ఉంటే అన్నే మాట్లాడతాడు.

“మీరు చెప్పండి అన్నా.”

“నేను చెప్తే, ఆమె తిరిగి ఒక మాట అడిగిందనుకో, ఏమని చెప్పాలె? అనుమానం నీకొచ్చింది. నువ్వే చెప్పు. తింటదా ఏంది?”

“తిడతారేమో.”

“తిడితే తిట్టనీ. నన్ను శానసార్లు తిట్టింది. గీడనే ఉన్న కద.”

చెప్పాల్సిన వాక్యం ఒక చీటీ మీద రాసుకున్నాను. ఫోన్ ఎత్తగానే ఆ వాక్యం చదవకుండా, “మేడమ్, ఆవిడ రక్తం మీ దగ్గర తీస్తే ఎక్కువ వస్తోంది, మా దగ్గర తీస్తే తక్కువ వస్తోంది” అనేశాను. ఎవరు, ఏ సెంటర్, ఏ పేషంట్, ఏదీ చెప్పలేదు.

“నిదానంగా చెప్పమ్మా. ఎవరి సంగతి?”

చెప్పాను. ఎన్నిసార్లు తీశామో, ఎప్పుడెప్పుడు ఎంత వచ్చిందో, ఏ రోజు ఎక్కడ తీశారో చెప్పాను. పుస్తకం మాట మాత్రం చెప్పలేకపోయాను, ఆవిడకు తెలియనిదా అనిపించింది. అన్న నా మోచెయ్యి పొడిచాడు. అప్పుడు, “నీలం ట్యూబులో తీసి చూడొచ్చా మేడమ్” అన్నాను.

“రేపు పొద్దున ఆ మనిషిని ఇక్కడికి తీసుకురా,” అన్నారావిడ. “నువ్వే తియ్యాలి. ఈలోపు ఆవిడ రక్తం పూసి ఉంచిన పాత స్లైడ్లు నేను మళ్ళీ చూస్తాను.”

రేపు శనివారం. ఆదివారం రైలు. నేను కిందికి దిగాను. ఆంటీ గిన్నెలు కడిగి చెల్లెలికి అందిస్తోంది, బండి చక్రం పక్కన అప్పటికే కట్టిన రెండు మూటలున్నాయి.

“మళ్ళీ రక్తమా?” అంది నేను చెప్పీ చెప్పకముందే. “నా ఒంట్లో ఉన్నదంతా మీ ట్యూబుల్లోనే ఉందమ్మాయ్. అందుకే తక్కువొస్తుందేమో, అడుగు మీ మేడమ్‌ని.”

“ఒక్కసారి ఆంటీ.”

“ప్రతిసారీ ఒక్కసారే అంటున్నారు.”

చెల్లెలు కల్పించుకుని, “ఇంక వదిలెయ్యండి అమ్మా, నొప్పితో పాటు ఈ సూదుల భయం కూడా పెట్టారు మా అక్కకి” అంది. ఆవిడ అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు.

నేను అక్కడున్న చిన్న స్టూలు మీద కూర్చున్నాను. ఊదా ట్యూబు, నీలం ట్యూబు రెండూ కోటు జేబులోనే ఉన్నాయి, తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇందులో ఒక మందుంది, మీ రక్తానికి అది పడట్లేదేమో అని నా అనుమానం అన్నాను. కొంతమందికి ఏదో ఒక కూర పడనట్టు. మీ ఒంట్లో అన్నీ ఉన్నా ఇందులో పడ్డాక గుంపులు కట్టి లెక్కకు దొరకట్లేదేమో. నేను అనుకున్నది నిజం కాకపోవచ్చు కూడా. కాకపోతే మీరు ఆదివారం వెళ్ళిపోండి, నేనేమీ అనను. నిజమైతే ఎముకలో సూది అక్కర్లేదు, ఆపరేషన్ చేస్తారు. అంతసేపు నేను ఎవరితోనైనా ఒక్కగుక్కలో మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆంటీ రెండు ట్యూబులూ వెలుతురుకు పట్టి చూసింది. “రెండూ ఖాళీగానే ఉన్నాయి కదా. మందెక్కడుంది?”

“ఊదా దాంట్లో గోడలకి పూసి ఉంటుంది, కనపడదు. నీలం దాంట్లో అడుగున నీళ్ళలా ఉంది చూడండి.”

“కనపడేదాన్నే నమ్ముదాం,” అంది. “ఇదే ఆఖరు, మళ్ళీ అడిగితే నేను పలకను.”

శనివారం పొద్దున ఆటోలో పంజాగుట్ట వెళ్ళాం. దారంతా ఆవిడ కుడివైపు అరచేత్తో అదిమి పట్టుకునే ఉంది. ల్యాబ్‌లో మేడమ్ మేం వచ్చామని తెలిసి తనే బయటికి వచ్చారు. నేను అనుకున్నట్టు కాక పొట్టిగా, నిద్ర చాలనట్టు ఉన్నారు. “నిన్న నీ ఫోన్ తర్వాత స్లైడ్లు తీసి చూశాను,” అన్నారు. “ఈ సీజన్లో రోజంతా ప్లేట్‌లెట్లు లేని స్లైడ్లే. ఇవీ అలాంటివే అనుకుని మధ్య భాగం మాత్రమే చూసి వదిలేశాం. చివరి అంచులో ఏదో ఉంది. ముందు నువ్వు తియ్యి.”

నీలం ముందు తీశాను. రక్తం గీత దాకా వచ్చేవరకు ట్యూబును కదలనివ్వలేదు. తర్వాత ఊదా. తర్వాత మేడమ్ చెప్పినట్టు ఆంటీ వేలికొస గుచ్చి, ఏ మందూ తగలని చుక్కను నేరుగా గాజు పలక మీద వేసి పూత లాగాను. రెండు ట్యూబులూ వెంటనే యంత్రంలోకి వెళ్ళాయి. ఊదా ట్యూబును అరగంట పక్కన పెట్టి మళ్ళీ పంపారు, ఇంకా ఆగి మళ్ళీ పంపారు.

మేడమ్ నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. ఊదా ట్యూబులోంచి తీసిన పూతను అంచుకు జరిపి, చూడమన్నారు. ఎర్ర కణాలు పల్చబడే చోట, ప్లేట్‌లెట్ల ఊదా రంగు చుక్కలు ముద్దలు ముద్దలుగా, వాన వచ్చినప్పుడు బస్టాపు కింద ఒదిగి నిలబడిన జనంలా ఉన్నాయి. తర్వాత వేలి చుక్క పెట్టారు. అందులో ముద్దల్లేవు. చుక్కలు ఎక్కడివక్కడ విడివిడిగా చెదిరి ఉన్నాయి, ఎటు జరిపినా ఉన్నాయి.

యంత్రం ఊదా ట్యూబుకు మొదట లక్షా చిల్లర ఇచ్చింది, తర్వాత ఎనభై, తర్వాత అరవై. నీలం ట్యూబులో నీళ్ళమందు కలిసి పల్చబడుతుంది కాబట్టి దాన్ని లెక్కగట్టి సరిచేస్తే రెండు లక్షలు దాటింది.

“మీకేమీ లేదమ్మా,” అన్నారు మేడమ్ ఆంటీతో. “ఊదా ట్యూబులో మీ లెక్క తప్పు వస్తుంది. ఇకనుంచి ఎక్కడ రక్తం ఇచ్చినా ఈ సంగతి చెప్పాలి.”

“అంటే బొప్పాయి ఆకు?”

“మానేయండి.”

ఆంటీ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. ఒక చేత్తో దూది, ఇంకో చేత్తో పక్కటెముకలు పట్టుకుని ఉంది మరి.

మేడమ్ రిపోర్టు కింద విషయమంతా రాసి సంతకం పెట్టారు, సర్జన్‌తో ఫోన్లో కూడా మాట్లాడారు. రైలు టికెట్లు రద్దు చేసుకున్నారు. బుధవారం ఉదయానికి ఆపరేషన్ ఖాయమైంది.

మంగళవారం సాయంత్రం నేను సెంటర్ మూసే పనిలో ఉండగా, అప్పటికే ఆస్పత్రిలో చేరిన ఆంటీ ఫోన్ చేసింది. గొంతులో కంగారు. “అమ్మాయ్, ఇక్కడ సిస్టర్ మళ్ళీ ఊదాదే తెచ్చింది. నేను చెయ్యి ఇవ్వలేదు. రిపోర్టేమో డాక్టర్ గారి క్లినిక్‌లో ఫైల్లో ఉంది. రాత్రికి మళ్ళీ యాభై అని వస్తే పొద్దున ఆపేస్తారు. నువ్వే చెప్పు.” నేను ఒప్పుకోకముందే ఫోన్ చేతులు మారింది.

“హలో, ఎవరండీ? పేషంట్ చెయ్యి ఇస్తలేదు,” అంది ఒకమ్మాయి. నా వయసే ఉంటుంది, అలసిపోయిన గొంతు. “ఆపరేషన్ ముంగట అందరికి తీస్తం. సీబీపీకి, గదే కణాల లెక్కకు, పర్పులే కదా.”

పక్కన అన్న లేడు, ముందే వెళ్ళిపోయాడు. నేను ఎవరో చెప్పాను. ఆ రక్తం ఊదా ట్యూబులో గుంపులు కడుతుందని, నీలంలో తీయాలని, మా పెథాలజిస్ట్ గారు రాసిచ్చారని చెప్పాను.

“గట్ల కూడ అయితదా? నేనైతే ఇప్పటిదాంక చూడలేదు.”

“నేనూ మొన్నటిదాకా చూడలేదండీ.”

ఆ అమ్మాయి కొంచెం నవ్వినట్టుంది. “నా అంతట నేను మార్చనీకి లేదు. జర లైన్ల ఉండండి, డ్యూటీ డాక్టర్‌ని అడిగొస్త.”

ఫోన్లో వార్డు చప్పుళ్ళు వినిపించాయి. ఎవరో దగ్గారు, ట్రాలీ చక్రం కీచుమంది. ఆంటీ ఊపిరి దగ్గరగా వినిపిస్తోంది. “ఉన్నావా?” అంది ఒకసారి. ఉన్నానన్నాను. మేడమ్ నంబరు వెతికి పెట్టుకున్నాను, అవసరమైతే ఆవిడకూ ఫోన్ చేస్తాను, ఆ డాక్టర్‌తోనూ మాట్లాడతాను అనుకున్నాను. అలా అనుకుంటున్నప్పుడు నాకు భయం వేయలేదని తర్వాత గమనించాను.

అడుగుల చప్పుడు దగ్గరైంది.

“సారు మీ ల్యాబ్‌కు ఫోన్ చేసి మేడమ్‌తోని మాట్లాడిండు,” అంది సిస్టర్. “బ్లూ తెచ్చిన. ఎంత తియ్యాలె?”

“గీత దాకా. తక్కువ కాకూడదు, ఎక్కువ కాకూడదు.”

“కింద ల్యాబోళ్ళకు ఏమని రాయాలె? లేకుంటే గడ్డకట్టే పరీక్షకనుకుంటరు.”

ప్లేట్‌లెట్ల లెక్కకు మాత్రమే అని, పల్చబడినంత లెక్కలో కలిపి చూడాలని చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కో మాటా పైకి అంటూ రాసుకుంది. తర్వాత ఫోన్ మంచం మీద పెట్టినట్టున్నారు. పిడికిలి బిగించమనడం, వదలమనడం వినిపించాయి. నేను రోజూ అనే మాటలే, ఇంకొకరి నోట్లోంచి వింటుంటే ఎంత పొట్టివో తెలిసింది.

“వచ్చింది అమ్మాయ్,” అంది ఆంటీ. ట్యూబునే చూస్తోందన్నమాట. “గీత దాకా వచ్చింది.”

పొద్దున పది దాటాక ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. ఆపరేషన్ అయిపోయిందని, రాళ్ళు సీసాలో వేసి చూపించారని, అక్క ఇంకా మత్తులోనే ఉందని చెప్పింది. నా ఎదురుగా కుర్చీలో ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి ఎదురుచూస్తున్నాడు. ఆయన చీటీ మళ్ళీ మొదటి నుంచి చదివి, ట్యూబులు ఏరి పెట్టుకుని, ఎప్పుడూ అడగని మాట ఒకటి అడిగాను.

“ఇంతకుముందు ఎక్కడైనా రక్తం ఇచ్చినప్పుడు లెక్క ఏమైనా తేడాగా వచ్చిందాండీ?”